అన్నదమ్ముల కార్లు

ఎడ్లబండి గల రైతు పొలమునుండి వచ్చినంతనే ముందుగా ఎడ్లను విప్పి, కుడితి పెట్టి, మేత వేసి, పిదప తాను కాళ్లు కడుగుకొనెడివాడు. మేత వేయక పండుకొన్నచో తెల్లవారి బండి కదలదని వానికి తెలియును. డీజిలు కారు వచ్చిన పిమ్మట ఈ యలవాటు తప్పిపోయెను. దానికి ఇంటియొద్ద మేత లేదు. దారిలో బంకువద్ద అయిదు నిమిషములు నిలిచిన చాలును. ఇప్పుడు విద్యుత్తు కారు వచ్చినది. దానితోపాటు పాత యలవాటును మరల నేర్చుకొనవలసి వచ్చినది. అది అందరికిని తేలికగా అబ్బదనుటకు జగ్గయ్యపేట ప్రాంతమునందలి ఒక కుటుంబపు కథయే చాలును.

ఆ కుటుంబమున అన్నదమ్ములిద్దరు. అన్న వృద్ధుడైన తండ్రితో స్వగ్రామముననే యుండి మిరప, ప్రత్తి సాగుచేయుచు, తొమ్మిది కిలోమీటర్ల దూరమున గల జగ్గయ్యపేటలో ఎరువుల దుకాణము నడుపుచుండెను. తమ్ముడు విజయవాడలో మందులు పంపిణీ చేయు ఒక సంస్థలో ఉద్యోగి. అతడు ఒకనాడు ఏలూరు, ఒకనాడు గుంటూరు, ఒకనాడు ఖమ్మము తిరుగవలెను. అన్న 2021లో డీజిలు కారు కొనెను. డీజిలైనచో మైలేజి ఎక్కువ, బండి గట్టిది అని ఊరివారందరు చెప్పిరి, అతడును నమ్మెను. తమ్ముడు 2024 ఆరంభమున విద్యుత్తు కారు కొనెను. నగరమున నుండువారికి అదియే తగినదని కార్యాలయమువారందరు చెప్పిరి, అతడును నమ్మెను. ఇద్దరును బండ్లను గూర్చి విచారించిరి గాని తమ దినచర్యను గూర్చి విచారింపలేదు.

డీజిలు యంత్రమును కనిపెట్టిన రుడోల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1858లో పారిస్ నగరమున పుట్టెను. అతడు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున సమర్థముగా పనిచేయు యంత్రమును లోకమునకు చూపెను. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట పిల్లలందరును ఎరిగినదే. గాలిని అణచినకొలది వేడి పుట్టును. డీజిలు యంత్రములో గాలిని దాని పరిమాణములో పదునైదవ వంతునకో, ఇంకను తక్కువకో అణచుదురు. ఆ వేడిగాలిలోనికి నూనెను తుంపరగా చిమ్మినంతనే, నిప్పురవ్వతో పనిలేకయే అది మండును. అందుచేత ఇంధనము పొదుపగును; కాని మసి పుట్టును. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున అమలైన భారత్ స్టేజ్ 6 ప్రమాణములను అనుసరించి, ఆ మసిని పట్టుటకు పొగగొట్టమున ఒక వడపోత అమర్చబడుచున్నది. అందు చేరిన మసి కాలిపోవలెనన్న దాదాపు ఆరువందల డిగ్రీల వేడి కావలెను. పెద్దదారిపై ఆపక కొంతసేపు నడిపినపుడు ఆ వేడి కలుగును.

అన్న పోవునదో తొమ్మిది కిలోమీటర్లు. యంత్రము సరిగా వేడెక్కక మునుపే దుకాణము వచ్చుచుండెను. నెలకొకసారి బండిలో పసుపుపచ్చని దీపము వెలుగుచుండెను. "వారానికోసారి హైవే ఎక్కించండి బాబూ, అదే మందు" అని మెకానిక్కు చెప్పెను. అందుచేత అతడు ప్రతి ఆదివారమును పనిలేకయే నందిగామవరకు పోయి, టీ త్రాగి, తిరిగి వచ్చుచుండెను. ఇంధనము పొదుపగునని కొన్న బండికై ఇంధనము తగులబెట్టుట యేమని అతని భార్య నవ్వుచుండెడిది. ఆమె నవ్వు అన్యాయము కాదు.

తమ్ముని కష్టము వేరు. విద్యుత్తు కారు నిన్న మొన్న పుట్టినది కాదు. 1899లోనే కమీల్ జెనాట్సీ అను బెల్జియము దేశీయుడు విద్యుత్తు కారుపై గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో పోయి చూపెను. నాడు దానికి లేనిది తేలికయైన బ్యాటరీ. ఆ కొరతను తీర్చిన లిథియం అయాన్ బ్యాటరీకై కృషిచేసిన మువ్వురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించెను. వారిలో జాన్ గుడెనఫ్ వయస్సు అప్పటికి 97 సంవత్సరములు. తమ్ముని కారులో నున్నది 40 యూనిట్ల బ్యాటరీ. యూనిటుకు ఏడు కిలోమీటర్ల చొప్పున అది 280 కిలోమీటర్లు నడువవలెను. కారులో లోపము లేదు. లోపము అది రాత్రివేళ నిలుచు చోటున నున్నది.

అతని నివాసము ఒక అపార్టుమెంటులో మూడవ అంతస్తు. కారు నిలుచునది సెల్లారులో. తన మీటరునుండి అక్కడికి తీగ లాగుకొనుటకు సంఘమువారిని అడుగగా, ఒకరు నిప్పు భయమనిరి. ఒకరు గోడకు తూట్లు పడుననిరి. ఇంకొకరు నేడు ఒకరికి ఇచ్చిన రేపు పదిమంది అడుగుదురనిరి. ఈ చివరిమాట మాత్రము నిజమే. ఇంటియొద్ద ఛార్జింగు చేసికొనుటను అనుమతింపవలెనని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018లోనే మార్గదర్శకములు వెలువరించినది. అతడు ఆ కాగితమును చూపగలడు. కాని ప్రతిదినము ముఖములు చూచుకొనవలసిన యిరుగుపొరుగువారితో కాగితములు చూపి గెలుచుట అతనికి ఇష్టము లేకపోయెను. కావున దినమంతయు తిరిగి వచ్చి, రాత్రి పది గంటలకు ఊరిచివరనున్న ఛార్జింగు కేంద్రమున వరుసలో నిలిచి, భార్య కట్టియిచ్చిన అన్నమును కారులోనే తినుచుండెను. అక్కడ యూనిటు ధర దాదాపు ఇరువది రూపాయలు. ఆ కేంద్రమునందలి పెద్దయంత్రము ఏకాంతర విద్యుత్తును తానే ఏకముఖ విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి నేరుగా అందించును గనుక పని వేగముగా సాగును. అయినను నూటికి ఎనుబది వంతులు నిండిన పిమ్మట వేగము తగ్గిపోవును. బోరెములో ప్రత్తి కూరువానికి ఇది సులభముగా తెలియును: మొదట చేతులతో వేసిన చాలును, చివర కాళ్లతో త్రొక్కవలెను.

ఇట్లుండగా 2024 జనవరిలో తండ్రికి మూత్రపిండములు చెడినవని వైద్యులు తేల్చిరి. వారమునకు మూడుమారులు, సోమ, బుధ, శుక్రవారములందు ఉదయము ఏడు గంటలకు, విజయవాడలో డయాలిసిస్ చేయించవలెను. ఒక్కొక్కమారు నాలుగు గంటలు పట్టును. పోను రాను 150 కిలోమీటర్లు, వారమునకు 450. అన్నగారి బండిలో పసుపుపచ్చని దీపము వెలుగుట ఆ నెలతో మానిపోయెను. రోగము బండికి కుదిరి మనిషికి పట్టినదని తండ్రియే పరిహాసమాడెను. పరిహాసమునకు నవ్వినవారు లేరు.

ఒక్క వంతు తప్పిన ఏమగునో వారికి త్వరలోనే తెలిసివచ్చెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి, ఐతవరము వద్ద జాతీయ రహదారిపై నీరు పారెను. విజయవాడలో బుడమేరు పేటలను ముంచెను. సోమవారపు వంతు తప్పిపోయెను. పెద్దాయనకు కాళ్లు ఉబ్బెను. రాత్రి పండుకొన్నచో ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చుండెను. దాహమనగా కోడలు చిన్న మంచుముక్క నోటిలో వేయుచు, "ఇంతే మామయ్యగారూ, ఇంకో ముక్క తెల్లారాక" అని బ్రతిమాలుచుండెను. డీజిలుతో ట్యాంకు నిండియున్న కారు చావడిలో నిలిచియుండెను. దారియే లేనపుడు ఏ కారైనను ఒకటే. మరునాడు చుట్టుదారులు పట్టి ఎట్లో ఆసుపత్రి చేరిరి. నాటినుండి అన్నగారికి ఏడు గంటలన్న గుండె దడ.

దసరాకు తమ్ముడు ఊరికి వచ్చెను. అన్నగారి కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచుండెను. డీజిలు ఖర్చులు వ్రాసియున్న తండ్రి పుస్తకమును ముందు పెట్టుకొని ఆ పిల్ల లెక్క వేసెను. లీటరునకు 18 కిలోమీటర్ల చొప్పున 450 కిలోమీటర్లకు 25 లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకొన్న 2,500 రూపాయలు. అదే దూరమునకు విద్యుత్తు కారు ఏడింట భాగింపగా 64 యూనిట్లు. ఎక్కించునపుడు వృథాయగునది కలిపి 71 యూనిట్లు. ఇంటి కరెంటు హెచ్చుధరను తీసికొని యూనిటు పది రూపాయలనుకొన్నను 710 రూపాయలు.

"బాబాయ్, వారానికి 1,790 రూపాయలు మిగులు. ఏడాదికి 93,080!" అని పిల్ల కేక వేసెను.

"టైర్లు, ఇన్సూరెన్సు కలపలేదు. బ్యాటరీ బరువుకు టైర్లు త్వరగా అరుగుతాయే" అని తమ్ముడు సరిదిద్దెను. అయినను లెక్క చూచుచు అతడు చాలసేపు మాటలాడలేదు. పిదప, "అన్నయ్యా, నీకు సొంత ఇల్లుంది, సొంత మీటరుంది, రాత్రంతా కారు చావట్లో ఊరికే నిలబడుతుంది. నాకు అవేవీ లేవు, రోడ్డుంది. మనం తారుమారుగా కొన్నాం" అనెను.

అన్నగారు వెంటనే ఒప్పుకొనలేదు. అతని భయము డబ్బును గూర్చినది కాదు. "కరెంటు పోతేనో? నాన్నగారి ఏడు గంటలు ఎవరు చూస్తారు?" అని అడిగెను. దానికి తమ్ముడు చెప్పిన సమాధానము తృప్తికరము కాదు. కరెంటు ఎంతసేపు పోవునని ఎవరు చెప్పగలరు? తోడికోడళ్ల మధ్య మాట వేరొక త్రోవ పట్టెను. కొత్త కారు ఖరీదు హెచ్చు. బ్యాంకు అప్పు ఇంకను తీరలేదు. పాత డీజిలు కారునకు వచ్చునది తక్కువ. ఆ తేడా ఎవరు భరింతురు? చివరకు మిరపకాయలమ్మిన సొమ్ములో కొంత ఇచ్చి మిగిలిన వాయిదాలను తానే కట్టుదునని అన్నగారు ఒప్పుకొనెను. పత్రములలో పేర్లును బీమాయును మార్పించుకొనిరి. అన్నదమ్ములు గదా యని ఈ పనిని వాయిదా వేయువారు చాలమంది కలరు. ప్రమాదము జరిగిననాడు గాని వారికి దీని విలువ తెలియదు.

బ్యాటరీకి ఎనిమిది సంవత్సరములు, లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందు వచ్చిన అంతవరకు కంపెనీవారి పూచీ కలదు. పిల్ల దానిని కూడ లెక్కించి, ఏడేండ్లు నిండకమునుపే కిలోమీటర్లు ముగియునని చెప్పెను. మంచముపై కూర్చుండి వినుచున్న తాతగారు, "బండికి ఎనిమిదేళ్ల పూచీ ఇచ్చారు. నాకెవరిస్తారే?" అని నవ్వెను.

కారు ఊరికి వచ్చుటకు ముందు చావడిలో ఏర్పాటు చేయించిరి. పాత ఎర్తు గుంటను త్రవ్వించి, ఉప్పు, బొగ్గు వేయించి, నీరు పోయించి పరీక్షింపజేసిరి. ఎర్తు సరిగా లేనిదే కారు విద్యుత్తును తీసికొనదు, తీసికొనకపోవుటయే మేలు. పదునైదు ఆంపియర్ల ప్లగ్గునుండి గంటకు మూడు యూనిట్లు ఎక్కును. 150 కిలోమీటర్ల ప్రయాణమునకు వ్యయమైన దానిని పూరించుటకు ఏడెనిమిది గంటలు చాలును. రాత్రి తొమ్మిదింటికి పెట్టిన తెల్లవారునప్పటికి సరిపోవును. అన్నగారు చేసిన పొరపాటొక్కటి కలదు. పొదుపునకై నీళ్ల మోటారును కూడ ఆ ప్లగ్గునకే ఉంచెను.

శీతకాలము సుఖముగా గడచెను. తెల్లవారుజామున చప్పుడు లేకుండ కారు ఊరు దాటుచుండెను. పరిటాల వద్ద ఆంజనేయస్వామి విగ్రహము కనబడగా పెద్దాయన చేతులు జోడించును. ఇబ్రహీంపట్నము సమీపించునప్పుడు థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టములు ఆకాశమున నిలిచి కనబడును. సెలవులలో వెంట వచ్చిన మనుమరాలు, "నాన్నా, మన కారు పొగ ఇక్కడ వస్తోంది" అనెను. పిల్ల మాటలో తప్పు లేదు. మన దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నది. నాగార్జునసాగరము, శ్రీశైలము ఇచ్చునది నీరున్నపుడే. అయినను డీజిలు యంత్రము ఇంధనపు వేడిలో సగమునకు మించి వృథాచేయును; విద్యుత్తు మోటారు తనకందిన దానిలో తొంబది వంతుల వరకు పనిగా మార్చును. పొగ వీధిలో పిల్లల ముఖములపై పడుటకును, దూరమున ఒక గొట్టమునుండి పైకి పోవుటకును భేదము కలదు. ఇబ్రహీంపట్నమువారికి మాత్రము ఆ భేదము ఓదార్పు కాజాలదు.

2025 మే నెలలో అన్నగారు భయపడినదే జరిగెను. సోమవారము రాత్రి నీళ్ల మోటారుకై ఎవరో కారు ప్లగ్గు తీసి, మరల పెట్టుట మరచిరి. తెల్లవారి చూడగా బ్యాటరీ నూటికి 70 వంతులే యుండెను. ఖమ్మము మిర్చి యార్డుకు పోయి వచ్చుటకు అది చాలునని అతడు బయలుదేరెను. రాత్రి ఇల్లు చేరునప్పటికి మిగిలినది నూటికి 22. ప్లగ్గు పెట్టి భోజనమునకు కూర్చుండగా గాలివాన లేచెను. వేపకొమ్మ విరిగి తీగలపై పడెను. ఊరంతయు చీకటియయ్యెను.

22 వంతులనగా తొమ్మిది యూనిట్లకు కొంచెము తక్కువ, 60 కిలోమీటర్లు. విజయవాడ 75. లైన్‌మన్‌కు ఫోను చేయగా వర్షము తగ్గనిదే స్తంభమెక్కుట కుదరదనెను, అది న్యాయమే. పెద్దాయన నిద్రపోవుచుండెను. ఆయన కాళ్ల ఉబ్బును చూచినకొలది కొడుకునకు సెప్టెంబరు రాత్రి గుర్తువచ్చుచుండెను. పండ్రెండు గంటలకు సిగ్గు విడిచి తమ్మునకు ఫోను చేసెను.

"నాలుగింటికి బయలుదేరుతా. నాన్నగారిని లేపకు" అని తమ్ముడు చెప్పెను.

మూడు గంటల నలుబది నిమిషములకు దీపము వెలిగెను. అన్నగారు పరుగెత్తుకొనిపోయి కారు తెరపై అంకెను చూచుచు నిలిచెను. అయిదు గంటలకు అది 32కు చేరెను. ఇక ఆగిన ఏడు గంటలు దాటును. తండ్రిని కూర్చుండబెట్టి, ఏసీ ఆపివేసి, అద్దములు దించి, గంటకు అరువది కిలోమీటర్లు దాటకుండ బండి నడిపెను. వేగము పెరిగినకొలది గాలి అడ్డము పెరిగి బ్యాటరీ త్వరగా తరుగును. పల్లము వచ్చినచోట కాలు తీసివేసిన మోటారు తానే విద్యుత్తు పుట్టించి కొంత తిరిగి ఇచ్చును. ఆ కొంతకే అతడు ఆనాడు ఆశపడవలసివచ్చెను.

నందిగామ దాటునప్పటికి తమ్ముడు ఎదురుపడి బండి ఆపెను. తండ్రిని డీజిలు కారులోనికి మార్చుదమని ఇద్దరును చెప్పిరి. ఆయన తెరపై అంకెవైపు చూచి, "ఎంత దూరముంది?" అనెను. నలుబది కిలోమీటర్లని చెప్పిరి. "అంకె ఎంత?" ఇరువది రెండు. పూర్వము పంటలెక్కలు నోటితో వేసిన మనిషి. ఒక్క క్షణము ఆలోచించి, "చేరుతుంది. నువ్వు వెనకాల రా. దిగడం, ఎక్కడం నావల్ల కాదు" అనెను.

తమ్ముడు బండి త్రిప్పుకొని వెనుక రాసాగెను. కీసర వంతెన, పరిటాల, ఇబ్రహీంపట్నము గడచెను. పెద్దాయన ఆనాడు ఆంజనేయునకు రెండుసార్లు మ్రొక్కెనని కొడుకు చూచెను గాని పైకి అనలేదు. ఆసుపత్రి వాకిట నిలుచునప్పటికి అంకె 8. గడియారమున ఏడు కావడానికి పది నిమిషములు.

తండ్రి లోపల నున్న నాలుగు గంటలలో అన్నగారు కారును ఛార్జింగు కేంద్రమునకు తీసికొనిపోయెను. తన పాత స్థలమున అన్న వరుసలో నిలుచుట చూచి తమ్ముడు నవ్వి, టీ తెప్పించెను. తనకు ఇప్పుడు రాత్రులు ఇంటివద్దనే భోజనమనియు, డీజిలు బిల్లు చూచినపుడు మాత్రము ఆ భోజనము రుచింపదనియు చెప్పెను.

ఆ సాయంకాలము ఇల్లు చేరి అన్నగారు చెప్పులైన విప్పక ముందుగా ప్లగ్గు పెట్టెను. మరునాడు నీళ్ల మోటారుకు వేరొక తీగయు, వేరొక ప్లగ్గును వేయించిరి. కారు ప్లగ్గునకు కోడలు పసుపుగుడ్డ కట్టి, దానిని తాకినవారికి అన్నము పెట్టనని ఇంటిల్లిపాదికి చెప్పెను. తాతగారు మంచము చావడికి మార్పించుకొని, రాత్రి మెలకువ వచ్చినపుడెల్ల ఆ పచ్చని దీపము వెలుగుచున్నదో లేదో చూచి, మరల పండుకొనుచుండెను.